పుట్టుక యొకచోట, వకాల్తా యొకచోట

పట్టణములలోని పఠనమందిరములందు నీ నడుమ నొక మాట తరచుగ వినబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము మన దేశపు సంతతివాని నొకని నేదేని యున్నత పదవికి నియమించినదను వార్త పత్రికలో కనబడినంతనే, బల్ల చుట్టును గూర్చున్న పెద్దలును పిన్నలును తమ యింటి బిడ్డకే యుద్యోగమైనట్లు మురిసిపోవుచున్నారు. "ఇక మనకేమి కొదవ? మనవాడు లోపల నున్నాడు" అని యొకరందురు. "ఎంతైనను మన నెత్తురు గదా, మనకు చెరుపు చేయునా?" అని వేరొకరందురు. 2014వ సంవత్సరమున పంజాబునుండి వలసబోయిన దంపతుల కుమారుడగు రిచర్డు వర్మ ఢిల్లీకి అమెరికా రాయబారిగ నియమింపబడినప్పుడు ఈ మాటయే వింటిమి. 2024 నవంబరులో, అమెరికా యుపాధ్యక్ష పదవికి నిలిచినవాని భార్యకు పూర్వికుల గ్రామమని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో జనులు దేవునికి మ్రొక్కుకొనిరని చదివినప్పుడు మరల వింటిమి. పల్లెప్రజల యాప్యాయతను మేము పరిహసింపము. దూరదేశమునకు బోయినవాడు బాగుండవలెనని కోరుట మంచివారి లక్షణమే. కాని ఆ యాప్యాయతనుండి యొక రాజకీయ సిద్ధాంతమును పుట్టించి, దానిపై దేశముయొక్క యాశలను నిలుపబూనుట వేరు సంగతి. దానిని మేము ఖండింపబూనుచున్నాము.

మేము న్యాయస్థానములలో నిరువది యేండ్లకు పైబడి పనిచేసినవారము. ఆ వృత్తిలో మొదటి దినముననే నేర్చుకొను సంగతి యొకటి గలదు. వకీలు ఏ యూరివాడు, ఏ యింటివాడు, ఎవనికి బావమరిది యని న్యాయాధిపతి విచారింపడు. ఎవరి వకాల్తనామా దాఖలు చేసినాడని మాత్రమే చూచును. ప్రతివాది యూరివాడే వాది పక్షమున వకీలై నిలిచెనా, ఆ పొరుగుదనము వలన ప్రతివాదికి గలుగు లాభము సున్న. నష్టమా, కావలసినంత! ఏలయన ఆ వకీలునకు ప్రతివాది యింటి గుట్టు తెలియును. దాయాదుల పోరు తెలియును. ఏ గట్టు నెవరు జరిపిరో, ఏ సాక్షి యెంతకు లొంగునో తెలియును. అట్టివానిని ఏరికోరి పెట్టుకొన్న వాది తెలివిగలవాడు. వానిని జూచి ధైర్యము తెచ్చుకొన్న ప్రతివాదిని ఏమనవలెనో చదువరులే నిర్ణయింతురు గాక.

ఈ సూత్రమునకు మా యెరుకలో నున్న దృష్టాంతములలో మిక్కిలి స్పష్టమైనది జల్మే ఖలీల్‌జాద్ అను అమెరికా రాయబారి చరిత్రము.

ఆతడు 1951లో ఉత్తర ఆఫ్ఘనిస్థానమందలి మజారే షరీఫు పట్టణమున జనించెను. అచటను కాబూలునందును బాల్యవిద్య ముగించి, 1960 దశకమున విద్యార్థుల వినిమయ పథకము క్రింద కాలిఫోర్నియాలోని సెరెస్ అను చిన్న యూరికి బోయి యొక యమెరికను కుటుంబమున వసించి చదువుకొనెను. పిమ్మట బేరూతులోని అమెరికను విశ్వవిద్యాలయము. అటుపిమ్మట చికాగో విశ్వవిద్యాలయము. 1979లో చికాగోలో డాక్టరు పట్టము చేతికి వచ్చెను. ఆ యేటి డిసెంబరులోనే సోవియట్ సేనలు ఆతని జన్మభూమిలో జొరబడెను. పుట్టిన దేశము తగులబడుచుండుటయే ఆ యువకుని విద్యకు విలువ దెచ్చెననుట క్రూరముగ దోచవచ్చును, కాని నిజము. ఆఫ్ఘనిస్థానమును గూర్చి ఆఫ్ఘను భాషలలో చదివి, ఆంగ్లమున నివేదిక వ్రాయగలవాడు వాషింగ్టనునకు కావలసియుండెను. ఆతడు కొలంబియా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, 1980 దశకపు నడుమనుండి విదేశాంగ శాఖలో సలహాదారుడై, ముజాహిదులకు అమెరికా చేసిన సహాయముయొక్క విధాన నిర్ణయములలో పాల్గొనెను.

పరాయి గడ్డపై పుట్టినవారిని దేశాంతర వ్యవహారములలో నియోగించుట అమెరికాకు క్రొత్త కాదు. వార్సా నగరమున పుట్టిన బ్రెజిన్‌స్కీ, ప్రాగు నగరమున పుట్టిన మేడెలీన్ ఆల్‌బ్రైట్, జర్మనీలోని ఫుర్త్ పట్టణమున పుట్టిన హెన్రీ కిసింజరు ఆ వరుసలోనివారే. కిసింజరు కుటుంబము నాజీల బాధకు తాళలేక 1938లో కట్టుబట్టలతోడివలె దేశము విడిచినది. ఆతడే 1971లో, తూర్పు బెంగాలునుండి దాదాపు కోటిమంది కాందిశీకులు మన దేశముపై వచ్చి పడుచుండగా, వారిని తరిమిన యాహ్యాఖాను ప్రభుత్వమునకు అండగ నిలిచిన విధానమును నడిపెను. కాందిశీకుడై వచ్చినవానికి కాందిశీకుని దుఃఖము తెలియదా? తెలియును. తెలియుట వేరు, వకాల్తా వేరు.

ఖలీల్‌జాద్ కథకు వత్తము. 1990 తరువాత ఆతడు యుద్ధశాఖలో చేరెను. ప్రపంచమున అమెరికాకు సాటిరాగల శక్తి మరియొకటి తలయెత్తకుండ జూచుకొనవలెనను 1992 నాటి రక్షణ ప్రణాళిక చిత్తుప్రతిని సిద్ధపరచినవారిలో నాతడు ముఖ్యుడు. ఆ ప్రతి పత్రికలకు పొక్కి పెద్ద కలకలమాయెను. దక్షిణాసియాయందును హిందూ మహాసముద్రమునందును భారతదేశపు టాధిపత్యాకాంక్షలను నిరుత్సాహపరుపవలెనను మాటయు అందు గలదు! ఆసియా బిడ్డడు గావున ఆసియాపై కనికరము చూపునని యెవరైన ననుకొనియుండిన, ఆ యేడే భ్రమ తీరవలసినది.

ఆ పిమ్మట చమురు బేరము. తుర్కుమేనిస్థానపు సహజ వాయువును ఆఫ్ఘనిస్థానము మీదుగ పాకిస్థానమునకు గొట్టములలో తెచ్చుటకు యూనోకాల్ అను అమెరికా కంపెనీ 1990 దశకపు నడుమ ప్రయత్నించెను. ఆ ప్రయత్నమునందలి కష్టనష్టముల నంచనా వేయు సలహాసంస్థ పక్షమున ఖలీల్‌జాద్ పనిచేసెను. 1996 సెప్టెంబరులో తాలిబానులు కాబూలును పట్టుకొనిరి. మరుసటి నెలలో వాషింగ్టను పోస్టు పత్రికలో ఆతడు వ్యాసము వ్రాసి, అమెరికా మరల ఆఫ్ఘను వ్యవహారములలో ప్రవేశింపవలెననియు, తాలిబానుల మతాభినివేశము ఇరానువారి దానివలె అమెరికాకు విరోధమైనది కాదనియు వాదించెను. ఆ నెలలో కాబూలు స్త్రీలు ఉద్యోగములనుండి వెడలగొట్టబడుచుండిరి. బాలికల బడులు మూతపడుచుండెను. 1997లో తాలిబాను ప్రతినిధులు టెక్సాసునకు బోయి యా కంపెనీవారి యాతిథ్యమును గొనిరి. తరువాత అమెరికాకును తాలిబానులకును చెడెను. 2000 నాటికి ఆతడే వారి రాజ్యమును దుష్టరాజ్యమని వర్ణించుచు సహరచయితతో గూడి వేరొక వ్యాసము ప్రకటించెను. మనుష్యుని యభిప్రాయములు మారుట నేరము కాదు. కాని ఆ మార్పు ప్రతిసారియు కక్షిదారుని యవసరముతో నడుగు కలిపి నడచుట మాత్రము గమనింపదగినది.

2001 సెప్టెంబరు 11వ తేదీ ఆతని యదృష్టమును మార్చెను. ఆ సంవత్సరాంతమున ఆతడు అమెరికా అధ్యక్షుని ప్రత్యేక ప్రతినిధిగ ఆఫ్ఘనిస్థానమునకు నియుక్తుడాయెను. తరువాత 2003 నుండి 2005 వరకు కాబూలున రాయబారి. ఆ కాలమున పాశ్చాత్య పత్రికలవారే యాతనికి 'వైస్రాయి' యను బిరుదు తగిలించిరి. వైస్రాయి యనిన మాట మన తాతలకు తెలిసినంతగ నింకెవరికి తెలియును? ఐనను ఒక్క భేదము గలదు. మనలను ఏలవచ్చిన వైస్రాయిలకు మన భాష రాదు. మధ్యను దుబాసీ కావలసియుండెను. మదరాసు కోటలోని దొరల వ్యాపారము దుబాసీలు లేనిదే యొక దినము నడువలేదు. ఆ దుబాసీలలో తెలుగువారు చాలమంది. దొరయు దుబాసీయు ఒక్క మనుష్యునియందే యిమిడియుండుట కాబూలున గలిగిన క్రొత్త సౌకర్యము. పష్తూను సర్దారుతో పష్తోలోను, తాజికు నాయకునితో పారసీకములోను, అధ్యక్ష భవనమున తేనీరు త్రాగుచు తెల్లవార్లు మాటలాడగలడు. తెల్లవారిన పిదప వాషింగ్టనునకు తంతి యంపగలడు.

2002 జూన్‌లో జరిగిన లోయా జిర్గాను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అది ఆఫ్ఘను జాతియొక్క సాంప్రదాయిక మహాసభ. పదునైదు వందలకు పైబడిన ప్రతినిధులు ఇరువది మూడేండ్ల యుద్ధము తరువాత ఒక గుడారము క్రింద గూడిరి. 1933 నుండి 1973 వరకు రాజ్యమేలి, యిటలీలో ప్రవాసముండి, అంతకు రెండు నెలల ముందు స్వదేశమునకు మరలిన వృద్ధరాజు జహీర్‌షాను దేశాధిపతిగ నెన్నుకొనవలెనని ప్రతినిధులలో పెక్కుమంది కోరుచుండిరి. సభ యొక దినము వాయిదాపడెను. ఆ యెడమున, రాజు పోటీకి నిలువబోడను సంగతిని లోకమునకు ముందుగ చాటినవాడెవడు? రాజు కాదు, సభాధ్యక్షుడు కాదు, అమెరికా ప్రతినిధియగు ఖలీల్‌జాద్! రాజు వాంఛ నిజముగ నట్టిదే యనుకొందము. రాచరికముపై మాకు మోజు లేదు. కాని ఒక జాతి తన సింహాసనమునుగూర్చి తన గుడారములో తేల్చుకొనవలసిన మాట పరరాజ్యపు టుద్యోగి నోట మొదట వెలువడుట, ఆ గుడారమునకు వెలుపల నున్నవారికి కూడ ఆ దినమున అధికారమెవరి చేతనున్నదో తెలిపినది. 2004 జనవరిలో బలమైన అధ్యక్షాధికారముతో రాజ్యాంగము వచ్చెను. అక్టోబరులో ఎన్నికలు జరిగెను, కర్జాయి గెలిచెను. లక్షలమంది స్త్రీలు ఓటు వేసిరి. ఈ మేలును మేము కాదనము. రాయబారి ఆ పనులలో నిజముగనే శ్రమపడెను. తన జన్మభూమి బాగుపడవలెనను కోరిక యాతని మనస్సున లేదని మేము చెప్పజాలము; మనస్సులలో దూరి చూచు విద్య మాకు లేదు. యజమాని కోరిక యాతని కోరికయు నొక్కటైనంత కాలము ఆఫ్ఘనులకు మేలు కలిగినది. అవి వేరుపడిన దినమున నేమాయెను? అదియే ప్రశ్న.

ఇరాకున 2005 నుండి 2007 వరకును, ఐక్యరాజ్య సమితియందు 2007 నుండి 2009 వరకును ఆతడు రాయబారిగ నుండిన కథ యిచట మన కంతగ నక్కరలేదు. 2009లో ఆతడు ఆఫ్ఘను ప్రభుత్వముననే గొప్ప పదవి స్వీకరింపవచ్చునని అమెరికా పత్రికలు వ్రాసినవి, అది జరుగలేదు. ఒకే మనుష్యుడు ఒక రాజ్యమునకు రాయబారిగ వచ్చి, తరువాత నా రాజ్యముననే ప్రధానాధికారి కాగలడని ఎవరికిని వింతగ దోచకపోవుటయే ఆ నాటి కాబూలు పరిస్థితి.

ఇక 2018. ట్రంపు ప్రభుత్వము తన సేనలను వెనుకకు దీసికొన నిశ్చయించి, సెప్టెంబరులో ఖలీల్‌జాద్‌ను రాజీ ప్రయత్నములకు ప్రత్యేక ప్రతినిధిగ నియమించెను. 2010లో కరాచీలో చెరపట్టబడిన తాలిబాను నాయకుడు ముల్లా అబ్దుల్ ఘనీ బరాదరును పాకిస్థానము అక్టోబరులో విడిచిపెట్టెను. ఖతారు రాజధానియగు దోహాలో సంప్రదింపులు సాగెను. కాబూలు ప్రభుత్వమునకు ఆ గదిలో కుర్చీ లేదు. 2019 మార్చిలో ఆఫ్ఘను జాతీయ భద్రతా సలహాదారుడగు హందుల్లా మొహిబ్ వాషింగ్టనునకే బోయి, ఖలీల్‌జాద్ తాత్కాలిక ప్రభుత్వము నొకటి నెలకొల్పి దానికి తాను వైస్రాయి కాదలచుచున్నాడను శంక తమ దేశమున గలదని బహిరంగముగ ననెను. ఆ మాట న్యాయమో యన్యాయమో యటుండనిండు. దానికి అమెరికా యిచ్చిన ప్రత్యుత్తర మేమి? ఇకపై మొహిబ్‌తో తాము వ్యవహరింపమని! వకీలుపై ఫిర్యాదు చేసిన ప్రతివాదిని కోర్టు గుమ్మమెక్కనీయకుండుట యన నిట్టిది.

2020 ఫిబ్రవరి 29వ తేదీన దోహాలో ఒడంబడికపై ఖలీల్‌జాద్ ఒకవైపు, బరాదరు మరొకవైపు చేవ్రాళ్లు చేసిరి. న్యాయవాదులమగు మేము ఆ దస్తావేజును ఒకటికి రెండు సారులు చదివితిమి. దాని శీర్షికయే యొక వింత. తాలిబానులు తమ్ము ఇస్లామిక్ ఎమిరేటు అని పిలుచుకొనవలెను. అమెరికా దానిని రాజ్యముగ నంగీకరింపరాదు. కావున ఎమిరేటు అనుచునే, దానిని అమెరికా రాజ్యముగ గుర్తింపలేదనియు, అది తాలిబానులని పిలువబడుననియు ఒక్క వాక్యమున గ్రుచ్చి, ఆ వాక్యమునే దస్తావేజు పొడుగునను తిరిగి తిరిగి వ్రాసిరి. అమెరికా గౌరవమును కాపాడుటకింత సిరా యొలికినది. మరి ఆ నాటికి ఐక్యరాజ్య సమితియందు ఆఫ్ఘను పీఠముపై కూర్చుండిన ప్రభుత్వమునకు అందులో సంతకము పెట్టు చోటు లేదు.

అందలి షరతులు చూడుడు. పదునాలుగు నెలలలో అమెరికా సేనలును మిత్రసేనలును వెడలిపోవలెను. మొదటి 135 దినములలో అమెరికా సైనికుల సంఖ్య 8,600కు తగ్గవలెను. అమెరికాకును దాని మిత్రులకును హాని చేయువారికి తాలిబానులు తమ చోట నిలువనీడ యీయరాదు. ఇంతవరకు కక్షిదారులిద్దరును తమతమ సొత్తును గూర్చి మాటలాడుకొనిరి; అభ్యంతరము లేదు. అటుపిమ్మట వచ్చును: తాలిబాను ఖైదీలు 5,000 మంది వరకును, అవతలి పక్షమువారు 1,000 మంది వరకును మార్చి 10వ తేదీ లోపల విడుదల కావలెనని. ఆ అయిదువేలమంది ఎవరి చెరసాలలలో నుండిరి? అమెరికా చెరసాలలలో గాదు. సంతకము చేయని, గదిలో లేని, పిలువబడని ఆఫ్ఘను ప్రభుత్వపు చెరసాలలలో! అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లను సామెత మన యింట నున్నది. దాని కింతకంటె పెద్ద యుదాహరణము మాకు చరిత్రలో కనబడలేదు.

ఆ దినముననే కాబూలునందు అమెరికా యుద్ధమంత్రి అష్రఫ్ ఘనీ ప్రక్కన నిలిచి వేరొక సంయుక్త ప్రకటన చదివించెను. అందులో అయిదువేలను సంఖ్య లేదు. ఇరుపక్షముల ఖైదీలను గణనీయముగ విడుదల చేయుటకు వీలున్నదా యని ఆలోచింతురని మాత్రమే యున్నది. ఒకే దినమున, ఒకే యజమాని పేర, ఇరువురికి రెండు పాఠములు! మా జిల్లా మునసబు కోర్టులో నెవడైన నట్లు రెండు రాజీ పత్రములు దాఖలు చేసినయెడల వాని సనదు నిలుచునా? మరునాడే ఘనీ, అయిదువేలమందిని విడుతునని తాను మాట యీయలేదనెను. ఆరు నెలలు ఒత్తిడి సాగెను. చివరి నాలుగు వందలమందిని గూర్చి ఆగస్టులో లోయా జిర్గాను పిలిచి దాని నెత్తిన భారము వైచి విడిపించిరి. ఒడంబడిక తరువాత అమెరికా సైనికులపై తాలిబాను తుపాకులు దాదాపు మౌనము వహించెను. ఆఫ్ఘను సైనికులపై వహింపలేదు; వహింపవలెనని ఆ దస్తావేజులో గట్టి షరతును లేదు. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబానుల వశమాయెను. ఆగస్టు 30న కడపటి యమెరికా విమానము లేచిపోయెను. ఏరు దాటిన పిదప తెప్ప తగులబెట్టిన చందమున. అక్టోబరులో ఖలీల్‌జాద్ రాజీనామా చేసెను.

చరిత్రలో నిట్టివాడు మునుపొకడుండెను. లూయీ కవగ్నారీ 1841లో ఫ్రాన్సున, ఇటలీ వంశపు తండ్రికి జనించి, ఆంగ్ల పౌరసత్వము పొంది, కంపెనీ సైన్యమున జేరినవాడు. వలసవాని బిడ్డయైన ఆ యుద్యోగియే 1879 మే 26న గండమక్‌లో అమీరు యాకూబుఖానుచేత ఒడంబడిక వ్రాయించుకొని, ఖైబరు కనుమను, విదేశ వ్యవహారములపై పెత్తనమును బ్రిటిషువారికి సంపాదించిపెట్టెను. ఆతడు చేసినది ఆఫ్ఘనులకు ద్రోహమే. కాని తాను వ్రాయించిన కాగితము ఫలమును జూచుటకు తానే రెసిడెంటుగ కాబూలునకు బోయెను. సెప్టెంబరు 3న తిరుగబడిన సైనికులచేత అచటనే హతుడాయెను. రాయబారులు చావవలెనని మేము కోరము. ఒడంబడిక వ్రాసినవానికిని, దాని క్రింద బ్రతుకువానికిని నడుమనుండు దూరము ఈ నూటనలుబది యేండ్లలో నెంత పెరిగినదో చూపుటకే ఈ ప్రస్తావన.

ఇచట ప్రతివాదనలు గలవు. వానిని దాటవేయుట మా వృత్తికి తగదు. మొదటిది: సేనలను మరల్ప నిశ్చయించినవాడు అధ్యక్షుడు, ఆతని తరువాత వచ్చిన బైడెను ఆ నిశ్చయమునే 2021 ఏప్రిలులో ఖాయపరచెను, ఖలీల్‌జాద్ వట్టి ప్రతినిధి యని. సత్యము. మేము చెప్పుచున్నదియు నదియే! ఆతనిని మేము దేశద్రోహి యనుటలేదు. ఆతని దేశము అమెరికా; ఆ దేశమునకాతడు ద్రోహము చేయలేదు. అమెరికా పౌరుడగువాడు తన పూర్వపు రాజునకును రాజ్యమునకును గల విధేయతను పూర్తిగ విడిచితినని ప్రమాణము చేయును. ప్రమాణము నిలుపుకొన్నవానిని నిందించుట యెట్లు? మా నింద ఆ ప్రమాణమును చదువక, ఆతని ముఖము చూచి, మాట విని, మనవాడని నమ్మి కూర్చుండినవారిది.

రెండవది యింతకంటె పదునైనది. అష్రఫ్ ఘనీ మాటయేమి యని యడుగుదురు. ఆతడును ఆఫ్ఘనిస్థానమున పుట్టినవాడే. ఆ వినిమయ పథకము క్రిందనే అమెరికాకు బోయినవాడే. ఆ బేరూతు విశ్వవిద్యాలయముననే చదివినవాడే. 2009లో అధ్యక్ష పదవికి పోటీచేయుటకై అమెరికా పౌరసత్వమును వదలుకొనెను. అనగా ఆఫ్ఘనుల వకాల్తా చేతబట్టినవాడు. అట్టివాడు ఆగస్టు 15న తన ప్రజలను విడిచి పారిపోలేదా? పారిపోయెను. అది మాయని మచ్చ. తాలిబానులను కొన్ని వారములు కాబూలు వెలుపలనే నిలుపుటకు తాను చేసిన యేర్పాటు ఆతని పలాయనమువలన చెడెనని ఖలీల్‌జాద్ తరువాత చెప్పుకొనెను. అది కొంత నిజమే కావచ్చును. ఐనను వకాల్తా యున్న వకీలు కోర్టునుండి పారిపోయినచో కక్షిదారుడు వానిని నిలదీయ హక్కుగలవాడు. ఘనీని ఆఫ్ఘనులు నిలదీయుచున్నారు; నిలదీయుదురు. ఖలీల్‌జాద్‌ను ఏ హక్కుతో నిలదీయుదురు? ఆతడు వారికేమియు బాకీ లేడు. బాకీ లేనివాని చేతిలో తమ భాగ్యము నుంచుటయే యిచటి విషాదము. పుట్టుక ఘనీనైనను నిలుపలేకపోయిన దన్న మాట మా వాదమునకు బలమే గాని లోపము కాదు.

దీనిలో మన దేశపు నష్టమును కొంత గలదు. దెలారాము నుండి జరంజు వరకు 218 కిలోమీటర్ల బాట మనవారు వేసిరి. కాబూలున పార్లమెంటు భవనము గట్టి 2015 డిసెంబరులో నప్పగించిరి. హేరాతు ప్రాంతమున సల్మా ఆనకట్టను ముగించి 2016లో నీరు వదలిరి. ఈ పనులన్నియు నెత్తురు చిందకుండ జరుగలేదు. 2006 ఏప్రిలులో హైదరాబాదు నగరవాసియైన యొక టెలికాం ఇంజనీరును తాలిబానులు జాబులు ప్రాంతమున అపహరించి చంపిరి. ఆ యింటి దీపమారిన వార్త చదివిన దినము మాకు జ్ఞాపకమున్నది. ఇంత చేసిన దేశమునకు దోహా గదిలో నొక సలహాయైన నడుగబడలేదు. ఒడంబడిక ముగిసిన పిమ్మట, 2020 మేలో ఖలీల్‌జాద్ ఢిల్లీకి వచ్చెను. తాలిబానులతో మీరే నేరుగ మాటలాడుకొనుడని మనకు హితవు చెప్పెను. 2021 ఆగస్టులో మన రాయబార కార్యాలయపువారు విమానమెక్కి వచ్చివేసిరి. 2025 అక్టోబరులో తాలిబాను విదేశాంగ మంత్రి ఢిల్లీకి వచ్చినప్పుడు కాబూలున రాయబార కార్యాలయమును మరల నెలకొల్పుదుమని మన ప్రభుత్వము ప్రకటించెను. రాజనీతి యట్లే పొమ్మనెనేమో! మన మంత్రులు మన వకాల్తా పట్టినవారు గావున వారిని మనము ప్రశ్నింపవచ్చును. ఇంకొక వారము ప్రశ్నింతుము.

ఇప్పుడు మన పఠనమందిరపు బల్లయొద్దకు మరలుదము. అమెరికా పదవిలో కూర్చుండిన తెలుగు బిడ్డ యెదురుపడిన నమస్కరింపుడు, క్షేమమడుగుడు, పచ్చడి జాడీ పంపుడు. కాని రొయ్యలపై సుంకము విధించునప్పుడు, మన విద్యార్థుల వీసాలు త్రోసివేయునప్పుడు, ఆ బిడ్డ సంతకమే కాగితము క్రింద నుండవచ్చును. ఆ దినమున "నీవు మావాడవు గదా" యని యడుగబోకుడు. "నేనెవరి వకాల్తా పట్టితినో మీకు ముందే తెలియదా?" యని వారు తిరిగి యడిగిన, చెప్పుటకు మనకు సమాధానముండదు.

2025 మార్చి నెలలో ఖలీల్‌జాద్ మరల కాబూలున దిగెను. అప్పటి కాతనికి ప్రభుత్వోద్యోగము లేదు. బందీల విడుదలకై అమెరికా అధ్యక్షుడు పంపిన ప్రతినిధి వెంట వచ్చి, తాలిబాను విదేశాంగ మంత్రితో మాటలాడి, రెండేండ్లకు పైగ నిర్బంధమందుండిన అమెరికా పౌరుని నొకని విడిపించుకొని వారు విమానమెక్కిరి. అది నౌరోజు దినముల సమయము. ఆఫ్ఘనిస్థానమున క్రొత్త విద్యాసంవత్సరము ప్రారంభమగు వారము. ఆరవ తరగతి దాటిన బాలికలకు ఆ యేడును బడి తలుపులు తెరువబడలేదు.